దండెం కారు

డ్వైట్ క్రాడక్ ముఖం మాడిపోవడం కళ్ళారా చూడాలని నేను ముప్ఫై రెండేళ్ళు కాచుకుని ఉన్నాను. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. ఆదివారాలు చర్చికి వెళ్తాను. పక్కింట్లో ఎవరికైనా జబ్బు చేస్తే సూప్ కాచి పట్టుకెళ్తాను. కానీ ఆ ఒక్క మనిషి విషయంలో మాత్రం నాలో మంచితనం వెతకొద్దు.

మా నాన్న వాలెంటీ జరెంబా డెట్రాయిట్ పక్కన కార్ల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసేవాడు. 1970లో కంపెనీ పెద్దలకి రేసుల పిచ్చి పట్టింది. రేసులో దింపే కారుని మామూలు జనానికి కూడా ఇన్ని అమ్మాలని నిబంధన ఉండేది. అందుకని రేసు కారునే నాలుగు సీట్లతో రోడ్డు మీదికి తెచ్చారు. ముందు వైపు మూడడుగుల కోసు ముక్కు. వెనక డిక్కీ మీద మనిషి ఛాతీ ఎత్తున నిలబెట్టిన రెక్క. ఇంజన్ స్టార్ట్ చేస్తే మూడిళ్ళ అవతల కప్పులూ సాసర్లూ కదిలేవి.

ముక్కూ రెక్కా బిగించే పని విడిగా ఒక షెడ్డులో జరిగేది. నాన్న అక్కడే. బిగింపు సరిగా ఉందనిపిస్తే డిక్కీ లోపల, రెక్క కాళ్ళు కిందికి దిగే చోట, నీలం మైనపు పెన్సిల్‌తో కారు నెంబరులోని చివరి మూడంకెలు వేసి, కింద తన ఇంటిపేరు మొదటి అక్షరం జెడ్ రాసేవాడు. మా పోలాండు వాళ్ళు జెడ్‌కి నడుం మీద అడ్డగీత గీస్తారు. ఏడు అంకెకి కూడా గీస్తారు. ఫోర్‌మన్ ఎన్నిసార్లు తిట్టినా నాన్న ఆ గీతలు మానలేదు.

ఆ కార్లు ఎవరూ కొనలేదు. మా ఊళ్ళో షోరూమ్ నడిపే లోవెల్ క్రాడక్‌కి కంపెనీ నాలుగు కార్లు అంటగట్టింది. ఆరు నెలలు చూసి, ఆయన మూడింటికి రెక్కలు రంపంతో కోయించి, ముక్కులు పీకించి, మామూలు మూతులు పెట్టించి అమ్మేశాడు. కోసిన రెక్కలు కొట్టంలో పారేశాడు. నాలుగో దానికి పెట్టడానికి మూతి దొరకలేదు. అది రెండు చలికాలాలు షోరూమ్ ముందు మంచులో నిలబడి ఉంది. సోమవారాలు ఆయన పెళ్ళాం దాని రెక్క మీద దుప్పట్లు ఆరేసేది. ఊరంతా దాన్ని దండెం కారు అనేవాళ్ళు.

నాన్న దాన్ని కొన్నాడు. ఎందుకు కొన్నావని అమ్మ అడిగితే, డిక్కీ ఎత్తి చూపించాడు. 417, దాని కింద జెడ్. "నేను చూసి పంపిన కారే ఇది. బాగానే ఉంది. బాగున్న కారుని జనం ఎగతాళి చేస్తుంటే నాకు బాగోలేదు," అన్నాడు. జీవితంలో తన కోసం తను కొనుక్కున్న పెద్ద వస్తువు అదొక్కటే.

1974 జనవరిలో పెట్రోలు బంకుల ముందు కార్లు వీధి చివరి దాకా బారులు తీరాయి. నాన్నని పనిలోంచి ఆపేశారు. ఆ కారు గ్యాలనుకి తొమ్మిది మైళ్ళు వస్తే గొప్ప. దాన్ని ఇచ్చేసి చిన్న కారేదైనా తెచ్చుకుందామని నాన్న షోరూమ్‌కి బయలుదేరాడు. నాకు పన్నెండేళ్ళు. వద్దన్నా వెంటపడి వెళ్ళాను.

లోపల నలుగురైదుగురు మగవాళ్ళు కాఫీ తాగుతూ కూర్చున్నారు. లోవెల్ కొడుకు డ్వైట్, నాకంటే రెండేళ్ళు పెద్ద, కొత్త కారు బానెట్ మీదెక్కి సోడా తాగుతున్నాడు.

"ఏం వాలీ, దండెం పట్టుకొచ్చావ్. బట్టలేవి మరి?" అన్నాడు లోవెల్.

"దీన్ని తీసుకుని చిన్న కారేదైనా ఇవ్వండి మిస్టర్ క్రాడక్. ఆ మూల ఉన్న పాతదైనా పరవాలేదు."

"దీన్ని నేనేం చేసుకోను? రెండేళ్ళు మోస్తే గానీ వదల్లేదు నాకు." కాఫీ తాగేవాళ్ళ వైపు తిరిగి కన్ను కొట్టాడు. "సరేలే. దానికి రెక్కలున్నాయిగా, ఎట్లా ఎగురుతుందో చూపించు. బయటికెళ్ళి చేతులాడించు. మేమంతా చూస్తాం. బాగా ఎగిరితే ఆ మూల కారు నీదే."

నాన్న నవ్వాడు. సరదాకి అంటున్నాడనుకున్నాడు.

"నవ్వకు వాలీ. నిజంగానే అంటున్నా."

నాన్న నా వంక చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. తర్వాత బయటికి వెళ్ళి, మంచులో ఆ రెక్క పక్కన నిలబడి, రెండు చేతులూ చాపి ఆడించాడు. అద్దం లోపలి నుంచి లోవెల్ ఇంకా పైకి, ఇంకా పైకి అని సైగ చేశాడు. నాన్న ఇంకా పైకి ఆడించాడు. డ్వైట్ నవ్వీ నవ్వీ బానెట్ మీద నుంచి జారి కింద పడ్డాడు. "పోలాక్ ఎగురుతున్నాడు నాన్నా," అని అరిచాడు. మమ్మల్ని అవమానించాలంటే అప్పట్లో ఆ మాటే వాడేవాళ్ళు.

మట్టిరంగు బుల్లి కారులో ఇంటికి వచ్చాం. దారి పొడుగునా నాన్న ఒకే ఒక్క మాట మాట్లాడాడు. "హీటర్ బాగానే పనిచేస్తోంది," అన్నాడు.

తర్వాత కాలం ఎట్లా తిరగబడిందో చూడండి. ఆ కార్ల బొమ్మలు గోడలకి అంటించుకుని పెరిగిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. చూస్తే దేశం మొత్తం మీద అలాంటి కార్లు కొన్ని వందలు కూడా మిగల్లేదు. కొన్ని రేసుల్లో పోయాయి, కొన్ని తుక్కులో నలిగాయి, కొన్నిటికి క్రాడక్ లాంటివాళ్ళు రెక్కలు కోసేశారు. ఊరికే ఇచ్చినా అందరూ వద్దన్న బండికి ఇవాళ మా ఊళ్ళో రెండిళ్ళ ధర పలుకుతోంది. లోవెల్ పోయాక డ్వైట్ కొట్టం తలుపులు తీస్తే, కోడిరెట్టల కింద నాన్న కారు పంతొమ్మిది వేల మైళ్ళతో అలాగే కూర్చుని ఉంది. వాళ్ళకి అదృష్టం తలుపు తట్టక్కర్లేదు, కొట్టంలోనే కాపురం పెడుతుంది.

డ్వైట్ సంతోషించి ఊరుకున్నా పోయేది. ఊరుకోలేదు. ప్రతి ఆగస్టులో మా తిరునాళ్ళ మైదానంలో పాత కార్ల ప్రదర్శన జరుగుతుంది. డ్వైట్ మైకు పట్టుకుని, "ఈ కారు మాకెలా వచ్చిందో వింటారా," అని మొదలుపెట్టేవాడు. ఏటా ఏదో ఒక కొత్త కల్పన చేర్చి, పోలాండు యాసలో మా నాన్న గొంతు అనుకరించేవాడు. చివర్లో చేతులు చాపి ఎగిరేవాడు. జనం పడీపడీ నవ్వేవాళ్ళు.

1996లో మొదటిసారి ఆ కథ చెప్పినప్పుడు నాన్న అక్కడే ఉన్నాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మడత కుర్చీలో కూర్చుని, కాగితంలో చుట్టిన సాసేజ్ తింటున్నాడు. అందరూ నవ్వుతుంటే తనూ నవ్వాడు. కథ అయ్యాక, "పద, ఎండ ఎక్కువగా ఉంది," అన్నాడు. ఇంకో రెండేళ్ళు బతికాడు. ఆ మైదానం వైపు మళ్ళీ రాలేదు.

నేను సీట్లు కుట్టే పని చేస్తాను. పాత కార్ల సీట్లకి కుషన్లు, తొడుగులు. మూడు జిల్లాల్లో నా అంత నున్నగా కుట్టేవాళ్ళు లేరని నా ముందరే అంటారు, నేను కాదనను. ఆ పని వల్లే పోయిన ఫిబ్రవరిలో పెన్సిల్వేనియా నుంచి మెర్ల్ అనే పెద్దమనిషి ఫోన్ చేశాడు. రెక్క కార్ల సంఘానికి ఆయన పెద్ద జడ్జి, ఏ కారు అసలుదో ఏది నకిలీదో తేల్చేది ఆయనే. మిగిలిన కార్లన్నిటినీ ఒక్కొక్కటిగా చూసి పుస్తకం రాస్తున్నాడు.

"మీ నాన్నగారు ఆ షెడ్డులో పనిచేశారని విన్నాను. డిక్కీలో నీలం గుర్తు ఎవరిదో మీకేమైనా తెలుసా?"

చెప్పాను. జెడ్ అంటే జరెంబా అని, అడ్డగీత ఎందుకో కూడా చెప్పాను. తను చూసి పంపిన కార్లలో ఒకటి ఆయనే కొనుక్కుని తర్వాత మార్చేశాడని కూడా అన్నాను.

"ఇది ఎంత పెద్ద విషయమో మీకు తెలీదు. ఆ షెడ్డు కాయితాలు కంపెనీ ఏనాడో తగలబెట్టేసింది. నెంబరు చూస్తే మామూలు కారుకీ రెక్క కారుకీ తేడా లేదు. ఇప్పుడు ఎవడు పడితే వాడు మామూలు కారుకి రెక్క బిగించి అమ్మేస్తున్నాడు. రెక్కతో పుట్టిందని రుజువు మీ నాన్నగారి రాత ఒక్కటే. పుస్తకం వచ్చేదాకా ఎవరితోనూ అనకండి. తెలిస్తే రేపు ప్రతివాడూ నీలం పెన్సిలు కొంటాడు."

ఎవరితోనూ అనలేదు.

మే నెలలో డ్వైట్ నుంచి ఫోన్ వచ్చింది. ఆగస్టు ప్రదర్శనకి పెద్ద జడ్జి వస్తున్నాడట, కారుని అద్దంలా చేయిస్తున్నాడట, సీట్లు నేనే కుట్టాలట. వాళ్ళ గ్యారేజీకి కొలతల కోసం వెళ్ళాను. ముప్ఫై రెండేళ్ళ తర్వాత ఆ కారుని చేతికందే దూరంలో చూశాను. ముక్కు మీద రంగు వెలిసిపోయింది. నాన్న తలుపు మీద మోచెయ్యి ఆనించే చోట రంగు అరిగి ఉంది.

"నా మీద కోపం లేదుగా మార్సీ?" అన్నాడు డ్వైట్. నా పేరు మార్సెల్లా. "మీ నాన్న కథ లేకపోతే ఈ బండికి అందమే లేదు. ఆయన్ని ఊరూరా ఫేమస్ చేసింది నేనే."

"నువ్వే."

"అందుకే పని నీకిస్తున్నా. ఇంకెవడికైనా ఇవ్వొచ్చు, ఇవ్వలేదు చూడు." డిక్కీ ఎత్తాడు. "ఇదిగో, ఇది చూడు. ఏ వెధవో పిచ్చిగీతలు గీశాడు. పెయింటు పని సోమవారం మొదలు. ఇది ఉంచాలా, గీకించెయ్యాలా? మీ నాన్న అక్కడే పనిచేశాడుగా, నీకేమైనా చెప్పాడా?"

వంగి చూశాను. 417. ఏడుకి నడుం మీద గీత. కింద జెడ్, దానికీ గీత. మైనం చుట్టూ ప్రైమరు పూత పచ్చబడింది గానీ నీలం మాత్రం చెక్కు చెదరలేదు. నాన్న ఉత్తరాలు రాసే మనిషి కాదు. రాయడానికి మాకు దూరంగా ఎప్పుడూ ఉండలేదు. ఆయన చేత్తో రాసినదాంట్లో నేను కళ్ళారా చూసింది ఇదొక్కటే. వేలితో ముట్టుకున్నాను. జిడ్డుగా తగిలింది.

ఉంచమంటే ఆగస్టులో వీడి కారు దేశంలోకెల్లా మేలైనదవుతుంది. వీడి కథకి ఇంకో తోక వస్తుంది. ఎగిరిన పిచ్చివాడు సంతకం కూడా పెట్టిపోయాడని మైకులో చెబుతాడు. తీసెయ్యమంటే నాన్న రాత పోతుంది. అక్కడ నిలబడి నిజంగానే తేల్చుకోలేకపోయాను. ఉంచు డ్వైట్, దాని జోలికి పోకు, అని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. నాన్న మీద ప్రేమ ఆ నిమిషంలో వీడి మీద కక్ష కంటే ఎక్కువే.

డ్వైట్ నా భుజం మీదుగా వంగి, నాన్న గొంతుతో, ఆ యాసతో, "నన్ను ఎగరమన్నాడు," అని వెకిలిగా నవ్వాడు. "ఊరికే అన్నాలే మార్సీ. చెప్పు, ఏం చెయ్యమంటావ్?"

"మురికి," అన్నాను. "జడ్జీలు తెల్లగుడ్డ పెట్టి తుడిచి చూస్తారంటగా. శుభ్రంగా గీకించి రంగు వేయించు."

"అదీ మాట. నువ్వు మీ నాన్నలా కాదు, నీకు బుర్రుంది."

సోమవారం పొద్దున పెయింటు షాపు ముందు కారాపుకుని కూర్చున్నాను. లోపల గీకుడు మిషను మోత పెట్టింది. డిక్కీ దగ్గర ఎంతసేపు గీకి ఉంటారో నాకేం తెలుస్తుంది. మోత ఆగేదాకా కూర్చుని, వెళ్ళి డ్వైట్ సీట్లు కుట్టాను. బాగా కుట్టాను. పనిలో దొంగతనం నాకు చేతకాదు.

ఆగస్టు వచ్చింది. పొద్దున పదింటికల్లా డ్వైట్ మైకు పట్టుకున్నాడు. కారు మీద వాలిన ఈగ జారిపోయేటంత నునుపు. ముందు వాళ్ళ నాన్న మూడు కార్ల రెక్కలు కోయించి కొట్టంలో పారేసిన సంగతి చెప్పాడు. జనం తలలు పట్టుకుని నవ్వారు. తర్వాత మా నాన్న కథ. చేతులు చాపి ఎగిరాడు. నేను మొదటి వరసలో నిలబడి మొత్తం విన్నాను. ఈసారి నాకు చెవులు మూసుకోవాలనిపించలేదు.

పొద్దుటి నుంచీ మైదానంలోనే ఉన్న మెర్ల్ మధ్యాహ్నం కార్లు చూడడం మొదలుపెట్టాడు. బక్కపల్చటి ముసలాయన, మోకాళ్ళకి మెత్తలు కట్టుకుని, చేతిలో టార్చిలైటు, కర్రకి బిగించిన చిన్న అద్దం. రెక్కతో పుట్టిన కార్ల వరసలో ఐదున్నాయి. డ్వైట్‌ది నాలుగోది. మెర్ల్ డిక్కీ ఎత్తించి, తల లోపల పెట్టి, చాలాసేపటికి బయటికి తీశాడు.

"ఈ లోపల రంగు ఎవరు వేశారు?"

"మనవాడే. ఏడు పూతలు. వేలు పెట్టి చూడండి, దుమ్ము అంటుకుంటే అడగండి."

"ఇక్కడ ఒక నీలం గుర్తు ఉండాలి."

"ఏ గుర్తండీ?"

మెర్ల్ చెప్పాడు. షెడ్డు సంగతి, తగలబడిన కాయితాల సంగతి, డిక్కీలో జరెంబా మైనపు రాతే ఏకైక రుజువన్న సంగతి. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపి దగ్గరికి జరిగారు. మెర్ల్ పక్కనున్న మూడు కార్ల డిక్కీలు చూపించాడు. మూడింటిలోనూ అడ్డగీతల జెడ్ ఉంది. ఆ కార్ల వాళ్ళు ముసిముసిగా నవ్వుకున్నారు.

డ్వైట్ ఊపిరి పీల్చుకుని, "ఓ, అదా. మా దాంట్లో కూడా ఉందండీ. 417 అని. నేనే గీకించాను," అన్నాడు.

"ఫోటో ఉందా?"

"పిచ్చిగీతలకి ఫోటో ఎవడు తీస్తాడండీ?"

"మరి నేనేం రాయను? మీ నాన్నగారు మూడు రెక్కలు కోసి కొట్టంలో పడేశారని మీరే పొద్దున మైకులో చెప్పారు. ఆ విడి రెక్కల్లో ఒకటి తెచ్చి మామూలు కారుకి బిగించలేదని నాకెలా తెలుస్తుంది?"

డ్వైట్ కళ్ళు జనం మీద తిరిగి నా మీద ఆగాయి.

"మార్సీ చూసింది. అడగండి. గుర్తు మీద చెయ్యి కూడా వేసింది. వాళ్ళ నాన్న రాసిందే అది. ఈ కారు వాళ్ళ నాన్నదే."

మెర్ల్ నా వైపు తిరిగాడు. ఫోన్లో మాట్లాడిన మనిషిని నేనేనని పొద్దున పరిచయం చేసుకున్నాను. "మార్సెల్లా, మీరు చూశారా? మీ నాన్నగారి రాత మీకంటే బాగా ఎవరు గుర్తుపడతారు. మీరు చూశానంటే చాలు, నేను అలాగే రాసుకుంటాను."

ఆయన అలా అడుగుతాడని నేను అనుకోలేదు. పని మే నెలలోనే అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ నా నోట్లోకే వచ్చి పడింది. అవునంటే డ్వైట్ గట్టెక్కుతాడు. కాదంటే నాన్న రాసిన రాతని నలుగురిలో నేనే లేదన్నట్టు.

"నేను సీట్ల కొలతలకి వెళ్ళానండీ," అన్నాను. "డిక్కీలో సీట్లుండవు కదా."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"అబద్ధం చెప్తోంది," అన్నాడు డ్వైట్. "నువ్వేగా గీకించమన్నావ్. ఇది మీ నాన్న కారే మార్సీ. మా నాన్నకిచ్చాడు. కథ ఊరంతటికీ తెలుసు."

"ఏ కథ? పోయినేడు మా నాన్న తుప్పు ట్రాక్టరు కోసం ఇచ్చేశాడన్నావ్. అంతకు ముందేడు షోరూమ్ కప్పెక్కి దూకాడన్నావ్. ఇవాళేమో మంచులో ఎగిరాడన్నావ్. ఏది నిజమో నాకెట్లా తెలుస్తుంది డ్వైట్? మా నాన్న మీ వాళ్ళకి ఒక కారైతే ఇచ్చాడు. దాన్ని ముప్ఫై రెండేళ్ళు మీ దగ్గర పెట్టుకుని మీరేం కోశారో, ఏం అతికించారో. అది ఇదేనని నేను ప్రమాణం చెయ్యలేను."

ఈసారి జనం గట్టిగానే నవ్వారు. పొద్దున మా నాన్నని చూసి నవ్వినవాళ్ళే. డ్వైట్ చెవులు ఎర్రబడ్డాయి. నాకు దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి, "నీకేం కావాలో చెప్పు. బతిమాలుకుంటున్నా," అన్నాడు. ఆ మాట వాడి నోటి నుంచి వినడం ఎంత హాయిగా ఉందో దాచను. ముప్ఫై రెండేళ్ళ మంట ఒక్కసారిగా చల్లారింది.

"నాక్కావలసింది అయిపోయింది," అన్నాను.

మెర్ల్ తన కాయితం మీద రెక్క ఎక్కడిదో తెలియదు అని రాసి, చించి డ్వైట్ చేతిలో పెట్టాడు. జనం ఐదో కారు దగ్గరికి తరలిపోయారు. డ్వైట్ తన కారు ముందు పెట్టిన బోర్డు, మా నాన్న పేరూ ఆ కథా రాసి ఉన్న బోర్డు, మడిచి వెనక సీట్లో పడేశాడు. మూడింటికల్లా కారుని ట్రక్కెక్కించి పట్టుకుపోయాడు. మైదానం గేటు దాటేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాలనిపించింది.

చర్చి ఆడవాళ్ళు పెట్టిన కొట్టు దగ్గర చెర్రీ కేకు కొనుక్కుని కూర్చున్నాను. ఎంత ఆకలేసిందో. మెర్ల్ వచ్చి ఎదురుగా కూర్చుని, మోకాళ్ళ మెత్తలు విప్పి, లావుపాటి పుస్తకం తీశాడు.

"అచ్చుకి ఇచ్చేముందు మీకు చూపించాలనుకున్నాను," అన్నాడు. మొదటి పేజీలోనే నాన్న పేరు ఉంది. వాలెంటీ జరెంబా, రెక్కల షెడ్డు తనిఖీ. మిగిలిన ప్రతి కారూ ఆయన చేతి మీదుగా వెళ్ళిందని రాశాడు. ఆ పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. నాన్న చూసి ఉంటే ఎవరిదో అనుకునేవాడు.

తర్వాత పేజీలన్నీ గళ్ళు. కారు నెంబరు, ఎవరు కొన్నారు, ఇప్పుడెక్కడుంది.

"ఇంకొక్కటి అడగాలి," అన్నాడు మెర్ల్. "మీ నాన్నగారు తను చూసి పంపిన కారే కొనుక్కున్నారని ఫోన్లో అన్నారు. ఇన్ని కార్లు చూశాను, గుర్తు వేసిన మనిషే నడిపిన కారు ఇంకోటి లేదు. దానికి ఒక పేజీ మొత్తం విడిగా ఉంచాను. నెంబరు చెప్పండి చాలు, ఆయన పేరు దాని పక్కన వేస్తాను. కారు ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాను. ఎప్పటికీ అది జరెంబా కారు అనే ఉంటుంది."

నాలుగు వందల పదిహేడు. పన్నెండేళ్ళప్పటి నుంచి నాకు నా పుట్టినరోజు ఎంత గుర్తో ఆ నెంబరు అంత గుర్తు. డ్వైట్ కారు అద్దం కింద రేకు మీద ఆ మూడంకెలే ఉన్నాయి. ఇందాక మెర్ల్ వాటిని తన చేత్తో రాసుకున్నాడు. నేను నోరు విప్పితే నాన్న పేరు ఆ పేజీకెక్కుతుంది, డ్వైట్ కారు మళ్ళీ నిజమైపోతుంది.

"గుర్తులేదండీ," అన్నాను.

ఆయన పెన్ను పట్టుకుని నా ముఖంలోకి చూశాడు. తెలివైన మనిషి. ఏదో అర్థమైందనే అనుకుంటాను.

"తొందరేం లేదు. అక్టోబరు దాకా టైముంది. ఇంటికెళ్ళి నెమ్మదిగా ఆలోచించుకోండి."

"ఆలోచించక్కర్లేదు. గుర్తులేదు."

"మంచిది," అని ఆ ఖాళీ పేజీలో నెంబరు ఉండాల్సిన గడిలో చిన్న గీత గీశాడు. పేరు ఉండాల్సిన గడిలో ఇంకో గీత గీశాడు. పుస్తకం మూసి, కాఫీ తెస్తానని లేచాడు. ఆయన అటు తిరిగాక, అందరూ చూస్తున్నా సరే, పళ్ళెం పక్కకి నెట్టి నాన్నా నాన్నా అని ఏడ్చాను.